కత్తి పట్టే చేతికంటే ముందు కడిగే చేయి

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కునగరానికి పాతిక కిలోమీటర్ల లోపు దూరంలో నందిని ఉన్నది. భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించడం కోసం వెలసిన గని ఊరు ఇది. దల్లీ రాజ్‌హరా నుంచి ఇనుప ఖనిజం, నందిని నుంచి సున్నపురాయి వచ్చి చేరితేనే భిలాయిలో కొలిమి మండేది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి రెండు తరాలపాటు ఈ ప్రాంతంలో ఉద్యోగమంటే గనిలోనో, కర్మాగారంలోనో దొరికేదే. తండ్రి రాయి తవ్వితే కొడుకు ఉక్కు పోసేవాడు.

ఆ రోజులు గడిచిపోయాయి. తవ్వకం ముగిసిన నందిని గనుల నేలపై 2021లో రాష్ట్ర ప్రభుత్వం మానవనిర్మిత అరణ్యాన్ని ప్రారంభించింది. ఉక్కు శుద్ధికి కావలసిన, సిలికా పాలు తక్కువగా గల సున్నపురాయి రాజస్థాన్‌లోని జైసల్మేర్ వంటి దూరప్రాంతాల నుంచి రైళ్లలో దిగుమతి అవుతున్నది. కర్మాగారంలో పదవీ విరమణ చేసిన వారి స్థానాలన్నీ భర్తీ కావడం లేదు. భర్తీ అయినవాటిలోనూ కాంట్రాక్టు పనులదే పెద్ద వాటా. పదో తరగతితోనో, ఇంటర్మీడియట్‌తోనో చదువు ఆగిపోయిన గని కుటుంబాల పిల్లలు ఇప్పుడు చూస్తున్నది భిలాయి, దుర్గ్, రాయపూర్ నగరాలలో పెరిగిన ఆసుపత్రుల వైపు. పూర్వానుభవం అడగకుండా ఆసుపత్రి ఇచ్చే ఉద్యోగాలు కొన్నే. వార్డు బాయ్, ఆయా, సెక్యూరిటీ గార్డు. వీటితోపాటు శస్త్రచికిత్స పరికరాలను కడిగి, క్రిమిరహితం చేసి, మూటకట్టి ఆపరేషన్ థియేటర్‌కు పంపే పని.

ఈ చివరి పనికి పెద్ద ఆసుపత్రులలో సి.ఎస్.ఎస్.డి. అనే పొడి అక్షరాల విభాగం ఉంటుంది. చిన్న ఆసుపత్రులలో అది థియేటర్ పక్కనే ఉండే ఆటోక్లేవ్ గది మాత్రమే. ఇంట్లో చెప్పుకునేటప్పుడు దాని పేరు ‘ఆసుపత్రిలో కడిగే పని’. జీతాల పట్టికలోనూ తరచుగా దాని స్థానం అదే. నైపుణ్యం అవసరం లేని పనుల వరుసలో ఊడ్చే పనికీ, పరుపులు మోసే పనికీ మధ్యన ఎక్కడో దీనిని చేర్చి ఉంచుతారు. ఒక శస్త్రవైద్యుడు పది సంవత్సరాలు చదివి నేర్చుకున్న విద్య అంతా, ఆ వరుసలో నిలబడిన కుర్రవాడు పొద్దున ఆరు గంటలకు చేసిన పనిపై ఆధారపడి ఉన్నదన్న సంగతి ఆ పట్టికలో కనిపించదు.

రక్తం ఎండకముందే

పని థియేటర్ నుంచి వచ్చే ట్రేతో మొదలవుతుంది. ఆర్టరీ ఫోర్సెప్స్, కత్తెరలు, సూది పట్టుకునే పట్టకార్లు, కోసిన భాగాన్ని విడదీసి ఉంచే రిట్రాక్టర్లు, రక్తం పీల్చే గొట్టాలు అన్నీ కలగలిపి అందులో ఉంటాయి. ఒక్కొక్క సెట్టుకు ఒక జాబితా ఉంటుంది. మొట్టమొదటి పని లెక్క చూడడం. పన్నెండు ఆర్టరీలు వెళ్లి పదకొండే తిరిగి వస్తే ఆ పన్నెండవది దుప్పట్ల మూటలో ఉండవచ్చు, చెత్తబుట్టలో ఉండవచ్చు, రోగి కడుపులోనూ ఉండవచ్చు. థియేటర్‌లోని నర్సు లెక్కకు తోడు ఇది రెండో కాపు.

కొత్తగా చేరినవారు చేసే తప్పులలో సర్వసాధారణమైనది వేడినీటితో మొదలుపెట్టడం. ఇంట్లో జిడ్డు గిన్నెకు వేడినీరు మంచిదే. నెత్తురు సంగతి వేరు. రక్తంలోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి, ఉడికిన గుడ్డు సొన గిన్నెకు పట్టినట్లు లోహానికి పట్టుకుపోతాయి. అందుచేత మొదటి కడుగు చల్లని నీటితోనే. ఆ తరువాత ఎంజైములు కలిసిన ద్రావణంలో నానబెట్టాలి. బ్రష్‌తో తోమడం నీటి మట్టానికి లోపలే జరగాలి, పైన తోమితే తుంపరలు కళ్లలోకీ నోట్లోకీ ఎగురుతాయి. కీలు ఉన్న ప్రతి పరికరాన్నీ విప్పి, కీలు సందులోనూ రంపపు పళ్లలోనూ తోమాలి. లోపల బోలుగా ఉన్న గొట్టానికి దాని నిడివికీ వెడల్పుకీ సరిపడే బ్రష్ కావాలి. అది అటు చివర బయటికి కనబడేవరకు దూర్చాలి. పెద్ద ఆసుపత్రులలో శబ్దతరంగాలతో మురికిని వదలగొట్టే అల్ట్రాసోనిక్ యంత్రాలు ఉన్నాయి. అవి లేనిచోట చేయీ, కన్నూ, ఓపికే యంత్రాలు.

సున్నపురాతి నేలలో మరొక చిక్కు ఉన్నది. అక్కడ భూగర్భ జలం కఠినజలం. ఇంట్లో టీ కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టినట్లే అటువంటి నీరు పరికరాలపై తెల్లని మరకలను, ఆటోక్లేవ్ లోపల పొరలను మిగులుస్తుంది. ఆ పొర కింద మురికి దాగుతుంది. అందుకే చివరి కడుగుకూ, ఆవిరి తయారీకీ లవణాలు తొలగించిన నీరు వాడాలని నియమం. బ్లీచింగ్ నీళ్లలో పరికరాలను నానబెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా చాలాచోట్ల ఉన్నది. క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలును కూడా గుంటలు గుంటలుగా తినివేస్తుంది. కంటికి ఆనని ఆ గుంటలలోనే సూక్ష్మక్రిములు కాపురం పెడతాయి. ఉక్కు ఊరి పిల్లలకు తుప్పు గురించి చెప్పనవసరం లేదనుకుంటారు గాని, చెప్పవలసిన తుప్పు ఇది.

కడిగినవాటిని ఆరబెట్టి, భూతద్దం కింద చూసి, కత్తెరల పదును పరీక్షించి, సెట్టుగా కూర్చి, రెండు పొరల గుడ్డలోనో ప్రత్యేకమైన కాగితంలోనో చుట్టాలి. పాతకాలపు పద్ధతిలో అయితే చిల్లుల డ్రమ్ములలో సర్దాలి. ఆవిరి లోపలికి వెళ్లేందుకు ఆ చిల్లులను తెరిచి ఉంచి, బయటికి తీయగానే మూయాలి. మూయడం మరచిపోయిన డ్రమ్ము ఎంత వేడిలో ఉడికి వచ్చినా వృథాయే. విభాగంలో పరికరమూ, మనిషీ ఒకే దిశలో కదలాలి. మురికి గది నుంచి శుభ్రమైన గదికి, అక్కడి నుంచి క్రిమిరహిత నిల్వకు. వెనక్కు నడక లేదు. స్థలం చాలని ఆసుపత్రులలో ఒకే తలుపు నుంచి మురికి ట్రే లోపలికి వెళ్లి, శుభ్రమైన ట్రే బయటికి రావడం చూడవచ్చు. గోడలు కట్టేనాడే జరిగిన తప్పుకు కుర్రవాడు ఎంత జాగ్రత్తపడినా విరుగుడు లేదు.

నూట ఇరవై ఒక్క డిగ్రీలు

బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము దాదాపు 1,500 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. ఆసుపత్రి ఆటోక్లేవ్ వేడి 121 డిగ్రీలు, త్వరగా ముగించే పద్ధతిలో 134 డిగ్రీలు. కొలిమి పక్కన పెరిగిన వారికి ఇది వేడిగానే తోచకపోవచ్చు. కాని కొలిమి తన తప్పును తానే చెప్పుకుంటుంది. ఇనుము గడ్డకడుతుంది, పని ఆగిపోతుంది, పై అధికారులు పరుగెత్తుకు వస్తారు. ఆటోక్లేవ్ తప్పు చేస్తే ఏమీ కనిపించదు. మూట అలాగే ఉంటుంది, తెల్లగా, మడత నలగకుండా. తప్పు బయటపడేది మూడు నాలుగు రోజుల తరువాత, మరొకరి శరీరంలో జ్వరంగా, చీముగా.

నీటిని మరగకాచితే 100 డిగ్రీలే వస్తుంది. చాలా క్రిములు ఆ వేడికి చస్తాయి గాని, కొన్ని గట్టి పెంకు కట్టుకుని బీజరూపంలో బతుకుతాయి. ధనుర్వాతం కలిగించే క్రిమి ఆ జాతిదే. పరికరాలను మరిగే నీటి పెట్టెలో వేసి తీసే పద్ధతి మన దేశంలోని చిన్న ఆసుపత్రులలో చాలాకాలం నడిచింది. ఈ కష్టానికి పరిష్కారం ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ సహచరుడైన చార్లెస్ షాంబర్‌లాండ్ 1879లో రూపొందించిన ఆటోక్లేవ్. వంటింటి ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇక్కడా. ఆవిరిని మూసిన పాత్రలో బంధించి చదరపు అంగుళానికి 15 పౌండ్ల అదనపు ఒత్తిడికి తెస్తే వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి, మూట కట్టినవాటికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. 134 డిగ్రీల వద్ద మూడు నాలుగు నిమిషాలు చాలు. పొడి వేడితోనే చేయదలచుకుంటే 160 డిగ్రీల వద్ద రెండు గంటలు పడుతుంది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆవిరి చల్లని లోహాన్ని తాకి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా అక్కడే వదిలివేస్తుంది. ఒక్క గ్రాము ఆవిరి దాదాపు 540 కేలరీలు విడుస్తుంది. క్రిమిని చంపేది ఆ దెబ్బ.

ఆవిరికి శత్రువు గాలి. పాత్రలో గాలి మిగిలితే ఒత్తిడి ముల్లు సరైన అంకెనే చూపవచ్చు, లోపల వేడి మాత్రం చేరదు. గాలి ఆవిరికన్నా బరువైనది కనుక అడుగున పేరుకుంటుంది. డ్రమ్ములను కిక్కిరిసి సర్దినా, గిన్నెలను వెల్లకిలా పెట్టినా గాలి జేబులు మిగులుతాయి. అందువలన గాలిని పీల్చివేసే యంత్రాలలో ప్రతి ఉదయం మొదటి లోడుకు ముందు ఖాళీ యంత్రంలో బౌవీ-డిక్ పరీక్ష చేస్తారు. ఒక ప్రత్యేకమైన కాగితం మొత్తం ఒకే రంగుకు మారితే గాలి పోయినట్లు, మధ్యన మచ్చ మిగిలితే గాలి ఉన్నట్లు. ఈ పరీక్ష 1963 నుంచి వాడుకలో ఉన్నది.

మూటపై అంటించే టేపుకు గీతలు నల్లబడగానే పని అయిపోయిందనుకోవడం మరొక భ్రమ. టేపు చెప్పేది ఆ మూట వేడిని చూసిందని మాత్రమే. లోపలి కత్తెర క్రిమిరహితమైనదో కాదో అది చెప్పదు. మూట లోపల పెట్టే రసాయన సూచిక కొంత నమ్మకం ఇస్తుంది. అసలు సాక్ష్యం సజీవ పరీక్ష. వేడిని అత్యంత మొండిగా తట్టుకునే ఒక క్రిమి బీజాలను చిన్న గొట్టంలో ఉంచి లోడుతోపాటు ఆటోక్లేవ్‌లో పెడతారు, ఆ తరువాత అనుకూలమైన వెచ్చదనంలో పొదుగుతారు. మొలకెత్తకపోతే లోడు మంచిది. మొలకెత్తిందా, ఆ యంత్రం నుంచి వెళ్లిన మూటలన్నింటినీ వార్డుల నుంచి, థియేటర్ల నుంచి వెనక్కు పిలిపించాలి.

సూచికలను ఎవరు చదువుతారన్న దానికి బ్రిటన్‌లో ఒక చేదు ఉదాహరణ ఉన్నది. 1972లో ప్లిమత్ నగరంలోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో డెక్స్‌ట్రోజ్ ద్రావణం ఎక్కించిన రోగులలో ఐదుగురి మృతికి ఆ సీసాలలో పెరిగిన క్రిములతో సంబంధం ఉన్నదని తేలింది. సీసాలు ఔషధ కర్మాగారం నుంచి వచ్చినవి. ఆటోక్లేవ్ కింది భాగంలో గాలి మిగిలిపోవడంతో అక్కడి సీసాలకు తగిన వేడి అందలేదు. ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం ఒకటి వేడి పెరగలేదని చూపుతూనే ఉన్నది. మిగతా ముళ్లు సరిగానే కనబడడంతో పనివారు ఆ పరికరమే పాడైందనుకున్నారు. సెసిల్ క్లోథియర్ అధ్యక్షతన విచారణ జరిపిన సంఘం, క్రిమిరహితం చేయడమంటే తక్కువ నైపుణ్యం గలవారు పర్యవేక్షణ లేకుండా సులువుగా చేయగల పని అన్న నమ్మకాన్నే తప్పుపట్టింది. అర్ధశతాబ్దం గడిచినా ఆ నమ్మకం మన దేశపు జీతాల పట్టికలలో చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

ఇబ్రహీంపట్నం, బిలాస్‌పూర్

తెలుగు పాఠకులకు ఈ విషయం ఎంత దగ్గరిదో 2022 ఆగస్టు చెప్పింది. ఆ నెల 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది మహిళలకు లాపరోస్కోప్‌తో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. ఐదారు రోజులు తిరగకముందే వారిలో నలుగురు మరణించారు. మిగిలిన 30 మందిని హైదరాబాద్‌లోని నిమ్స్‌కు, మరొక కార్పొరేట్ ఆసుపత్రికి తరలించి చికిత్స చేయించవలసి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం వేసిన విచారణలో మరణాలకు కారణం ఇన్‌ఫెక్షన్ అనీ, దానిని నిరోధించే ఏర్పాట్లలో లోపాలున్నాయనీ తేలింది. అధికారులపై, సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. మరణించినవారంతా చిన్న పిల్లలున్న తల్లుల వయసువారు. ఒక చిత్రమేమంటే, ఇంగ్లీషులో ఆ శస్త్రచికిత్సకూ పరికరాల శుద్ధికీ పేరు ఒక్కటే, రెండూ ‘స్టెరిలైజేషన్’. మొదటిదానికి లక్ష్యాలు, లెక్కలు, ప్రోత్సాహకాలు ఉన్నాయి. రెండవదానిని ఎవరూ లెక్కించలేదు.

నందినికి అంత దూరం కాని బిలాస్‌పూర్ జిల్లాలో అంతకు ఎనిమిదేళ్ల ముందే ఇంతకన్నా ఘోరం జరిగింది. 2014 నవంబర్ 8న, వాడకంలో లేని ఒక ఆసుపత్రి భవనంలో నడిపిన శిబిరంలో కొద్ది గంటలలో 83 మంది మహిళలకు శస్త్రచికిత్స చేశారు. ఆ శిబిరంలోనూ, ఆ తరువాత అదే జిల్లాలో జరిగిన శిబిరాలలోనూ ఆపరేషన్ చేయించుకున్న వారిలో 13 మంది మరణించారు. కారణంపై వాదోపవాదాలు జరిగాయి. వారికి ఇచ్చిన మాత్రలు కల్తీవని రాష్ట్ర ప్రభుత్వం అన్నది, ఇన్‌ఫెక్షనే కారణమని పలువురు వైద్యులు అన్నారు. ఆ వివాదం ఎలా ఉన్నా, లెక్క మాత్రం వివాదానికి అతీతం. శిబిరాలలో లాపరోస్కోప్‌ను రోగికీ రోగికీ మధ్య సైడెక్స్ అనే వాడుకపేరు గల గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. అది కూడా ఉన్నతస్థాయి శుద్ధి మాత్రమే, పూర్తిగా క్రిమిరహితం కావాలంటే 10 గంటలు ముంచాలి. ఒకే లాపరోస్కోప్‌తో 83 మందికి ఆపరేషన్ చేయదలిస్తే ముంచడానికే 27 గంటలకు పైగా కావాలి. మూడు లాపరోస్కోప్‌లున్న ఒక బృందం రోజుకు 30 మందికి మించి చేయరాదని కేంద్ర ప్రభుత్వ నిబంధన అప్పటికే ఉన్నది.

ఈ ఘటనలు ప్రస్తావనకు వచ్చిన దేవికా బిస్వాస్ కేసులో 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, శిబిరాల పద్ధతిని మూడేళ్లలో ముగించాలని ఆదేశించింది. ఆ గడువు తీరిన మూడేళ్లకు ఇబ్రహీంపట్నం వచ్చింది.

ఇటువంటి ప్రమాదం జరిగినప్పుడల్లా చర్యలు వైద్యునిపైన, సూపరింటెండెంట్‌పైన పడతాయి. అది న్యాయమే. కాని ద్రావణంలో నుంచి లాపరోస్కోప్‌ను ఐదో నిమిషంలో బయటికి తీయమన్నప్పుడు, ‘ఇంకా పదిహేను నిమిషాలు ఆగాలి’ అని చెప్పగల స్థానంలో ఆ గదిలో ఉండే మనిషి ఒక్కడే. అతడు రోజుకూలీ. శస్త్రవైద్యుని తొందరను ఆపే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు. చాలాచోట్ల ఆ పదిహేను నిమిషాలు ఎందుకు కావాలో కూడా అతనికి ఎవరూ చెప్పలేదు.

చేసేవారికి పొంచి ఉన్నవి

రోగికి వచ్చే ప్రమాదం పత్రికలకెక్కుతుంది. పనివారికి వచ్చేది రిజిస్టరులో కూడా ఎక్కదు. ట్రేలో మిగిలిపోయిన సూది, తీయడం మరచిపోయిన బ్లేడు చేతికి గుచ్చుకోవడం ఈ పనిలో నిత్యం పొంచి ఉండే ప్రమాదం. హెచ్.ఐ.వి. ఉన్న రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యింటిలో మూడు. హెపటైటిస్-బి అయితే, టీకా వేయించుకోనివారికి అది మూడింట ఒక వంతు దాకా ఉండవచ్చు. మొదటిదానికి గుచ్చుకున్న రెండు గంటలలో, ఎంత ఆలస్యమైనా 72 గంటలలోపు మందులు మొదలుపెట్టాలి. రెండవదానికి మూడు మోతాదుల టీకా ఉన్నది. చవకైనది, దశాబ్దాలుగా దొరుకుతున్నది. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా వచ్చిన వాడికి ఆ టీకా ఆసుపత్రి వేయించాలా, ఏజెన్సీ వేయించాలా అన్న ప్రశ్న దగ్గర విషయం ఆగిపోతుంటుంది. ఈలోగా అతడు ఒక పని మాని మరొక పనికి వెళ్లిపోతాడు.

వేడికి తట్టుకోలేని ప్లాస్టిక్ గొట్టాలను, సున్నితమైన పరికరాలను ఇథిలిన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేస్తారు. క్యాన్సర్‌పై పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఆ వాయువును 1994లో మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. శుద్ధి ముగిశాక వస్తువులను గంటల తరబడి గాలి ఆడనిచ్చి గాని ముట్టరాదు. గ్లుటరాల్డిహైడ్ ఆవిరి కళ్లను, ముక్కును మండిస్తుంది, కొందరికి ఉబ్బసం తెస్తుంది. ఆటోక్లేవ్ తలుపు తొందరపడి తీస్తే ముఖం కాలుతుంది. మందపాటి చేతితొడుగులు, ఏప్రన్, కళ్లద్దాలు ఇవ్వాలని ప్రమాణాలన్నీ చెబుతాయి. భిలాయి పగటి ఎండలో, ఆవిరి నిండిన గదిలో, ప్లాస్టిక్ ఏప్రన్ తొడుక్కుని ఎనిమిది గంటలు నిలబడడం ఎలాగో ప్రమాణాలు చెప్పవు.

గని కార్మికుల ఆసుపత్రి

నైపుణ్యం లేనివారని పక్కన పెట్టినవారికి నేర్పితే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరాలో గని కార్మికులు 1983లో తమ చందాలతో, తమ శ్రమతో షహీద్ ఆసుపత్రిని నిర్మించుకున్నారు. 1977 జూన్‌లో పోలీసు కాల్పులలో మరణించిన కార్మికుల స్మృతికి ఆ పేరు పెట్టారు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కార్మిక సంఘం దానికి వెన్నెముక. వినాయక్ సేన్ వంటి వైద్యులు తొలి రోజులలో అక్కడ పనిచేశారు. డిగ్రీలున్న నర్సులు ఆ గనుల ఊరికి రానప్పుడు కార్మిక కుటుంబాలలోని యువతీయువకులకే వైద్యులు ఆసుపత్రి పనులు ఒక్కొక్కటిగా నేర్పారు. 1991 సెప్టెంబర్ 28న నియోగి భిలాయిలో హత్యకు గురైన తరువాత కూడా ఆసుపత్రి ఆగలేదు. ఎంత చదివాడన్నదానికన్నా ఎందుకు చేస్తున్నాడో తెలిసి చేస్తున్నాడా అన్నది ముఖ్యమని ఆ ఆసుపత్రి నడిచిన తీరు చూపింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాసుపత్రులలో ఈ పని ఏళ్ల తరబడి ఎం.ఎన్.ఓ., ఎఫ్.ఎన్.ఓ. అని పిలిచే నర్సింగ్ ఆర్డర్లీల చేతిలోనూ, థియేటర్ అసిస్టెంట్ల చేతిలోనూ ఉన్నది. వారిలో పాతికేళ్ల అనుభవంతో శబ్దం విని ఆటోక్లేవ్ జబ్బు చెప్పగలవారున్నారు. వారు నేర్చుకున్నది పక్కవాడిని చూసి. వారు పదవీ విరమణ చేసినప్పుడు ఆ విద్య వారితోనే వెళ్లిపోతున్నది, ఆ స్థానంలోకి వచ్చేది ఏజెన్సీ పంపిన కొత్త ముఖం. పరిస్థితి మారుతున్న జాడలు లేకపోలేదు. 2005లో ఏర్పడిన ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు కోరే ఆసుపత్రులు శుద్ధి విభాగపు అమరికను, పరీక్షల రికార్డులను చూపవలసి ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన కాయకల్ప పథకం ప్రభుత్వాసుపత్రులకు పరిశుభ్రతపై, ఇన్‌ఫెక్షన్ నివారణపై మార్కులు వేసి బహుమతులు ఇస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ పనికే ప్రత్యేకంగా ఒక కరదీపిక వెలువరించింది. కడిగేవారికి శిక్షణ, నియమిత ఉద్యోగం, పర్యవేక్షకుడు ఉండాలని అందులో ఉన్నది.

అయితే గుర్తింపు బృందం వచ్చే వారం ముందు రికార్డులు నింపుకునే ఆసుపత్రులు ఉన్నాయన్నది ఈ రంగంలోని వారందరికీ తెలిసిన రహస్యమే. శిక్షణ పొందినవాడికీ పొందనివాడికీ జీతంలో తేడా లేనంతకాలం, నేర్చుకోవాలన్న కోరిక కుర్రవాడికి ఎక్కడి నుంచి రావాలి? నేర్చుకున్నవాడికి ఎదిగే దారి ఒకటుండాలి. కడిగే బల్ల నుంచి కూర్చే బల్లకు, అక్కడి నుంచి యంత్రానికి, ఆ పైన పర్యవేక్షణకు. పెద్ద నగరాలలోని కొన్ని ఆసుపత్రులలో అటువంటి దారి ఉన్నది. అక్కడ రెండేళ్లు పనిచేసి అనుభవ పత్రం తెచ్చుకున్నవారికి గల్ఫ్ దేశాల ఆసుపత్రులలో కూడా పని దొరుకుతున్నది.

భిలాయిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం మీదుగా, కర్మాగారం కట్టే రోజులలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలమంది వచ్చి చేరారు. ఖుర్సీపార్ వంటి పేటలలో నేటికీ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. అప్పట్లో ఇటుకలు మోసిన తాతల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు ఇదే ఉద్యోగాల వేటలో నందిని కుర్రవాళ్ల పక్కన వరుసలో నిలబడుతున్నారు.

వారిలో ఒకరు ఈ రోజు కట్టే మూటపై ఒక చీటీ అంటించాలి. సెట్టు పేరు, ఆటోక్లేవ్ సంఖ్య, లోడు సంఖ్య, తేదీ, వాడదగిన గడువు, కట్టినవారి సంతకం. థియేటర్‌లో మూట విప్పేటప్పుడు నర్సు ఆ చీటీని ఊడదీసి రోగి కేసు షీటులో అంటిస్తుంది. నెల తరువాత ఆ రోగికి చీము పడితే ఏ రోజు, ఏ యంత్రంలో, ఎవరి చేతిమీదుగా ఆ పరికరాలు వచ్చాయో దానిని బట్టి వెతుకుతారు. అదే లోడులో వెళ్లిన మిగతా మూటలు ఏ ఏ రోగులకు వాడారో కూడా దానిని బట్టే తెలుస్తుంది. చీటీ పద్ధతి లేని ఆసుపత్రులలో టేపు మీద పెన్నుతో తేదీ మాత్రం వేస్తారు. మూట విప్పగానే టేపు చెత్తబుట్టలో పడుతుంది.